నా నాటకంలో నేను కనపడిన రోజు

ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఒక పిచ్చి ఉండేది. ఆకాశంలో ఎగిరే హీరో సినిమా ఏది వచ్చినా ఆదివారం మ్యాట్నీకి పోయి కూర్చునేదాన్ని. వీపున గుడ్డ కట్టుకుని, రెండు చేతులూ ముందుకు చాచి, కూలిపోతున్న వంతెనను భుజంతో ఆపే మనిషంటే నాకెందుకంత ఇష్టమో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ చెప్పలేను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి పక్కన కూర్చుని జంతికలు నములుతూ "తాడు కనపడుతోంది చూడవే" అని నవ్వేది. హీరోకి కట్టిన తాడు నాకూ కనపడేది. కనపడనట్టు చూడటంలోనే ఉంది సరదా అంతా.

ఆ సినిమాలు తీసే దర్శకుడు ఒకాయనకు ఒక అలవాటు. ప్రతి సినిమాలోనూ ఒక్క క్షణం తానే కనపడతాడు. ఒకదాంట్లో బస్టాపులో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఒకదాంట్లో దువ్వెనలు అమ్మాడు. ఇంకోదాంట్లో హీరో దూకిన మేడ కింద చొక్కా ఉతుక్కుంటూ, పైకి చూసి తల గీరుకున్నాడు. మాటలుండవు, ఉంటే ఒక్క ముక్క. ఆయన ఫొటో సినిమా పత్రికల్లో పడేది కాబట్టి మొహం అందరికీ తెలుసు. కనపడగానే హాలంతా ఈలలు వేసేది.

ఒకసారి ఆ ఈలల్లో అసలు సంగతే వినపడలేదు. హీరోకి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళమ్మ చెప్పే చోట, వెనక గుమ్మంలో ఈ మహానుభావుడు పాలు పోస్తూ కనపడ్డాడు. ఇంకేముంది, అమ్మ పెదాలు కదులుతున్నాయి, మాకు గోల తప్ప ఏమీ వినపడదు. బయటికి వచ్చాక మా గది అమ్మాయి "ఇంతకీ వాడికి బలం ఎలా వచ్చిందే?" అంది. "ఏమో, ఆ పాలు తాగి ఉంటాడు" అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు.

"కథ ఆయనదే, సినిమా ఆయనదే, మళ్ళీ మొహం కూడా ఎందుకు?" అంది.

"వండినావిడ ఒకసారి పంక్తిలోకి వచ్చి ఎలా ఉందో చూసుకోదా?"

"చూసుకోవచ్చు. మన విస్తట్లో కూర్చోకూడదు."

పట్టినపట్టు వదిలే రకం కాదు నేను. ఒక నోటుబుక్కు పెట్టి, ఆయన ఏ సినిమాలో ఎక్కడ వచ్చాడు, వచ్చినప్పుడు హీరో ఏం చేస్తున్నాడు, నాకేమనిపించింది, అన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. పరీక్షలకు అంత శ్రద్ధగా రాసుకుని ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. ఆయన కనపడితే తెలియని ఊళ్ళో తెలిసిన మనిషి ఎదురైనట్టు ఉండేది, అది నిజం. ఆ మరుక్షణమే తాడు కూడా కనపడేది, అదీ నిజమే. అప్పటిదాకా కనపడనట్టు చూస్తున్న తాడే. మరి ఆయన రావడం మంచిదా, చెడ్డదా?

ఒకసారి బుధవారం నాడు క్లాసు ఎగ్గొట్టి అదే సినిమాకి మళ్ళీ పోయాను. హాల్లో పదిమంది కూడా లేరు. ఆయన వచ్చాడు, పాలు పోశాడు, పోయాడు. ఎవరూ ఈల వేయలేదు. అమ్మ చెప్పిన మాట స్పష్టంగా వినపడింది, హీరో బలానికి కారణం పాలు కాదని కూడా తెలిసింది. అప్పుడు నాకు పెద్ద సందేహం వచ్చింది. సినిమా అదే, ఆయన అదే. పాడుచేసింది ఆయనా, మేమా? నోటుబుక్కులో ఆ ప్రశ్న రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆ జవాబు కోసం అడవి దాకా పోవాల్సి వస్తుందని అనుకోలేదు. ఎనభైల్లో బూర్గంపాడు దాటి పినపాక వైపు పోయే దారిలో, ఒక హైస్కూల్లో నాకు సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది. మాది సత్తుపల్లి వైపు, వ్యవసాయదారుల ఇల్లు. కోస్తా యాస కలిసిన నా మాట విని పిల్లలు మొదట్లో వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళు. చుట్టుపక్కల గూడేల పిల్లలు స్కూలు పక్కనే హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. తమలో తాము వాళ్ళ భాషలో మాట్లాడుకుని, నన్ను చూడగానే తెలుగులోకి వచ్చేవాళ్ళు.

మా హెడ్మాస్టరు గారికి చదువు కంటే ముందు మర్యాద. టీచరు కనపడితే పిల్లలు లేచి నిలబడి, చేతులు జోడించి, అందరూ ఒక్క గొంతుతో నమస్తే చెప్పాలి. తరగతిలోనే కాదు, వరండాలో, బజార్లో, బావి దగ్గర, ఎక్కడైనా సరే. లేవనివాడు ఆ రోజంతా లేచే ఉండాలి. ఒకసారి నేను భద్రాచలం బస్సెక్కితే వెనక సీట్లలో ఉన్న మా పిల్లలు లేచి, ఆ కుదుపుల్లో ఒకరి మీద ఒకరు పడుతూ కూడా నమస్తే పెట్టారు. నాకు నవ్వు వచ్చింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. అబద్ధం ఎందుకు.

స్కూలు వార్షికోత్సవానికి నాటకం రాసే పని నా మీద పడింది. నాకు వచ్చింది ఒక్కటే కదా, ఎగిరే మనిషి కథ. భక్తులతో పర్ణశాలకు పోయే లాంచీ వరదలో చిక్కుకుంటే, ఒకమ్మాయి గాల్లోకి లేచి, ఒంటిచేత్తో దాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. హీరో వేషానికి తొమ్మిదో తరగతిలో ఒక గూడెం పిల్లను పెట్టాను. క్లాసులో నోరు విప్పేది కాదు. అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా చెప్పకుండా గోటితో బెంచీ గీకుతూ నిలబడేది. కానీ సెలవు రోజు హాస్టల్ వెనక చెట్టు మీద, నేను తలెత్తి చూడటానికే భయపడే ఎత్తులో నిలబడి కాయలు దులపడం చూశాను.

వేషం నీదే అని చెప్పిన రోజు అందరూ పోయేదాకా ఆగి నా దగ్గరకు వచ్చింది.

"టీచర్, మా అయ్య ఈ ఏడుతోటి నా బడి బంద్ చేస్తనంటుండు."

"ఎందుకు?"

"మా అన్న పదో తరగతి దాకా చదివి ఇంటికొచ్చిండు. నాగలి పట్టడు, నౌకరి లేదు. బడికి పోతె ఏమొస్తదని అంటుండు అయ్య. గిట్ల ఆట ఉందని కబురు పెట్టిన. వస్తనన్నడు. సూసి చెప్తనన్నడు."

ఏం చూసి, ఏం చెప్తాడని నేను అడగలేదు. ఆ మనిషి ఇంతవరకు ఒక్కసారి కూడా స్కూలుకు రాలేదు. తన కూతురు ఇక్కడ ఏం చేస్తుందో ఆయనకు కనపడేది ఆ ఒక్క మధ్యాహ్నమే. అందులోనూ ఆమె ఎగిరే కొద్ది క్షణాలే. పిల్లకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆ రోజు నుంచి రిహార్సల్‌కు అందరికంటే ముందు వచ్చి నిలబడేది.

ఎగిరించే బాధ్యత లెక్కల సారు తీసుకున్నాడు. ఆయనది ఖమ్మం దగ్గర పల్లె. పాత బావి గిలక ఒకటి తెచ్చి స్కూలు ముందున్న చింతచెట్టు పెద్ద కొమ్మకు కట్టాడు. గోనెపట్టాతో నడికట్టు కుట్టించి, వీపు దగ్గర ఇనుప రింగు పెట్టించాడు. మోకు గిలక మీదుగా వచ్చి పక్కన తెరగా కట్టిన తడిక వెనక దిగుతుంది. అక్కడ పదో తరగతి పిల్లలు నలుగురితో కలిసి ఆయన లాగుతాడు. ముందు రాళ్ళ బస్తాను ఎగిరించాడు, తర్వాత తానే కట్టుకుని ఎగిరి చూశాడు. హెడ్మాస్టరు గారు గుండె చిక్కబట్టుకుని చూసి, "ఒక్కసారే. అదీ పది లెక్కపెట్టేదాకే" అని హుకుం వేశారు.

లెక్కల సారుతో నాకు గొడవ వచ్చింది నా వేషం దగ్గర. అవును, నేను కూడా ఒక వేషం రాసుకున్నాను. పిల్ల గాల్లోకి లేవగానే ఒడ్డున ఒక ముసలవ్వ కర్ర ఊపుకుంటూ వచ్చి, పైకి చూసి, "ఎవరి బిడ్డో గాని, మన కోసమే పుట్టింది!" అంటుంది. అంతే. ఖమ్మంలో చూసిన ఆ సినిమాల దర్శకుడి లాగా ఒక్క క్షణం.

"ఆ మాట ఏడో తరగతి పిల్లతోటి చెప్పించండి మేడం" అన్నాడు ఆయన.

"ఏం, నేను చెప్తే ఏమవుతుంది?"

"నేను లెక్క చేసేటప్పుడు బోర్డు మీద నా బొమ్మ గీస్తనా? లెక్కనే కనపడాలె."

"ఎవరూ గుర్తుపట్టరు లెండి. తలకు సుద్దపొడి పూసుకుంటా, మొహానికి మసి పూసుకుంటా."

"గుర్తుపట్టకపోతే మీరే ఎందుకు మరి?"

ముక్కుసూటిగా అడిగాడు. గుర్తుపట్టాలనే నా కోరిక. చివర్లో ఎవరో ఒకరు "అరె, ఆ అవ్వ మన టీచరే" అనుకోవాలి, అనుకుని నవ్వుకోవాలి. ఆ దర్శకుడు ఎందుకు వస్తాడో లోపలి నుంచి చూడాలని కూడా ఉండేది, అదొక కుతూహలం. కానీ మొదటి కారణమే పెద్దది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక, రాసింది నేను, నా ఇష్టం, అని కసురుకున్నాను. ఆయన గిలకకు నూనె పూయడంలో పడ్డాడు.

వార్షికోత్సవం రోజున మూడు గంటలకల్లా పిల్లలంతా చింతచెట్టు ముందు నేల మీద కూర్చున్నారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. అందరికంటే వెనక, కంచె పక్కన, తలకు తువ్వాల చుట్టుకుని ఒకాయన గొంతుకూర్చున్నాడు. తడిక సందులోంచి పిల్ల నాకు చూపించింది. "అగో, అయ్య." అంతకంటే ఏమీ అనలేదు. వీపున కట్టిన హాస్టల్ ఎర్ర దుప్పటి ముడిని మళ్ళీ మళ్ళీ తడుముకుంటూ ఉంది.

నాటకం బాగానే నడిచింది. లాంచీ మునుగుతోంది, భక్తులు కేకలు పెడుతున్నారు. లెక్కల సారు "ఒకటి" అన్నాడు. పిల్ల లేచింది. రెండు చేతులూ చాచి, ఎర్ర దుప్పటి వెనక్కి ఊగుతుంటే, తల తిప్పకుండా పైకి పోయింది. నేను కర్ర పట్టుకుని, నడుం వంచి, ఒడ్డు మీదికి వచ్చాను.

ముందు వరసలో ఆరో తరగతి పిల్లాడు ఒకడు "మన టీచర్ రా!" అన్నాడు. సుద్దపొడీ మసీ ఏమీ పనిచేయలేదు, వాడికి నా నడకే చాలింది. లేచి నిలబడ్డాడు. పక్కవాడు వాణ్ణి చూసి లేచాడు. ఆ వెనక వరస, ఆ వెనక వరస, పదో తరగతి దాకా స్కూలు మొత్తం లేచి, చేతులు జోడించి, ఒక్క గొంతుతో "నమస్తే టీచర్!" అంది.

నా మాట ఎవరికీ వినపడలేదు. అది చిన్న నష్టం. తడిక వెనక మోకు పట్టుకున్న నలుగురూ మా హెడ్మాస్టరు గారి శిష్యులే కదా. ఆ కేక చెవిన పడగానే వాళ్ళ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. మోకు మీద లెక్కల సారు ఒక్కడే మిగిలాడు. మడమలు నేలకు తన్ని ఆయన ఎంత ఆపినా, మోకు మెల్లగా జారింది. పైన ఉన్న పిల్ల కూడా, వద్దు తల్లీ అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను, చాచిన చేతులు దగ్గరికి తెచ్చి నాకు నమస్తే పెట్టింది. గాల్లో నమస్తే పెడుతూ గడ్డి మీదికి దిగింది. లెక్క మూడు దాటలేదు.

ఇంకా సిగ్గు చేటు ఏమిటంటే, ముసలవ్వ వేషంలో ఉన్న నేను, నడుం నిటారుగా చేసి, చెయ్యెత్తి, రోజూ క్లాసులో అనే గొంతుతోనే "కూర్చోండి" అన్నాను. అందరూ కూర్చున్నారు. నాటకం అక్కడే చచ్చిపోయింది. మిగిలిన నాలుగు మాటలు పిల్లలు గబగబా అప్పజెప్పేశారు.

తడిక వెనకకు రాగానే పిల్ల అడిగింది. "మా అయ్య సూసిండా టీచర్?"

కంచె వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ఆ వేషంతోనే పరుగెత్తాను. మిరపకాయలు ఎండబోసిన కళ్ళం దాటాక, అడవిలోకి పోయే బాట మీద ఆ తువ్వాల కనపడింది. "ఓ అయ్యా, ఆగు!" అని అరిచాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. బక్కపలచటి మనిషి, మెల్లగా మాట్లాడే మనిషి.

"ఏందవ్వా, గిట్ల ఉరుకుతున్నవ్? పడతవ్" అన్నాడు.

నేను టీచర్నని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని రాయి మీద కూర్చోబెడుతున్నాడు. టీచరమ్మనని తెలిస్తే ఆ చెయ్యి వదిలేస్తాడు, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంటాడు, ఒక్క మాట కూడా చెప్పడు. అందుకని అవ్వగానే ఉండిపోయాను. వచ్చీరాని యాసలో అడిగాను.

"ఆట కాకముందే పోతున్నవేంది?"

"ఆఫీసరొచ్చిండు గదా. అందరు ఒక్కసారే లేచిన్రు. జీపు యాడుందో అని దారి దిక్కు సూసిన. కనపడలే. ఎందుకొచ్చిన లొల్లి అని ఇటు మళ్ళిన."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గూడెంలో జనమంతా ఒక్కసారిగా లేచారంటే ఒకటే అర్థం, ఎవరో పెద్ద మనిషి జీపులో దిగాడని. గుట్ట మీద అడవి నరికి పోడు కొట్టుకునే మనిషి, ఫారెస్టు వాళ్ళేమోనని, ఆ జీపు ఎవరిదో తెలిసేదాకా ఆగడు. నా కోసం పిల్లలు లేచిన ఆ క్షణంలో, ఈయన వీపు తిప్పి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నీ బిడ్డను సూసినవా?" అన్నాను.

"యాడ సూసిన! మల్ల ఇటు తిరిగేసరికి గడ్డి మీద నిలబడి ఉన్నది. గడ్డి మీద ఇంటికాడ కూడ నిలబడతది. దానికి ఇంత దూరం ఎందుకు? సెలవులకు తీస్కపోత, మల్ల పంప."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఆఫీసరు రాలే. టీచరమ్మ వచ్చిందని లేచిన్రు."

"టీచరమ్మకా? గంత పెద్దామెనా?"

"అవ్. గట్లనే అనుకుంటది."

ఆయన తలకు తువ్వాల సర్దుకున్నాడు. "ఆట పిల్లలది గదా. ఆమె ఎందుకొచ్చింది నడుమ?"

ఎన్ని సినిమాలు చూశాను, ఎన్ని పేజీలు రాశాను. ఆ నోటుబుక్కు అంతా ఈ ఒక్క ప్రశ్నే. ఇంత సూటిగా, ఇంత అమాయకంగా నన్ను ఎవరూ అడగలేదు. "అందరు సూడాలని వచ్చినట్టుంది" అన్నాను.

"నేను నా బిడ్డను సూడొస్తి" అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మసి కరిగి కారుతోందని తెలుస్తోంది, తుడుచుకుంటే మొహం బయటపడుతుందని తుడుచుకోలేదు. ఖాళీ హాల్లో కూర్చుని, పాడుచేసింది ఆయనా, మేమా, అని గీతలు గీసిన అప్పటి నన్ను తలుచుకుంటే నా మీద నాకే మంట పుట్టింది. ఖాళీ హాల్లో నాకు ఏ నష్టమూ లేదు కాబట్టి అంత తీరిగ్గా ఆలోచించాను. ఆ దర్శకుడికి కూడా తన వల్ల ఏ సినిమాహాల్లో ఎవరికి ఏం కనపడకుండా పోయిందో ఎప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఆ మనిషి ఎదురుగా కూర్చుని చెప్తున్నాడు.

"రా. మల్ల ఎగురుతది" అన్నాను.

"నిజంగనా?"

"నిజంగనే. జల్దీ రా. ఈసారి ముందల కూసో."

హెడ్మాస్టరు గారు ఒప్పుకోరని నాకు తెలుసు. పిల్ల తండ్రిని ముందు వరస వైపు పంపి, నేను చెట్టు చాటు నుంచి తడిక వెనకకు చేరాను. బహుమతులు పంచడం అవుతోంది. హెడ్మాస్టరు గారిని పక్కకు పిలిచి అడిగితే, నా అవతారం చూసి ముందు ఉలిక్కిపడ్డారు, తర్వాత మండిపడ్డారు. "ఒక్కసారే అన్నాను కదమ్మా. ఇందాక మోకు జారింది చూశాను. పిల్లకు ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?"

"మోకు నేను కూడా పట్టుకుంటాను సార్. నాటకంలోకి రాను."

లెక్కల సారు అరచేతులు చూసుకుంటున్నాడు. రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఈయన ఏమంటాడో అనుకున్నాను. నన్ను దెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"పిల్లలకు లెక్క తప్పితే తుడిచి మల్ల చేపిస్తం గద సార్" అన్నాడు ఆయన. "ఒక్కసారి తుడుద్దాం."

హెడ్మాస్టరు గారు ఆయన చేతుల వైపు చూశారు. ఏమీ అనకుండా పోయి కుర్చీలో కూర్చున్నారు. అదే ఒప్పుకోలు అనుకున్నాం. లెక్కల సారు ముందుకు వచ్చి, లాంచీ ఘట్టం మళ్ళీ ఆడతారని చెప్పి, వేలు చూపించి మరీ అన్నాడు. "ఈసారి దేవుడొచ్చినా ఎవరు లేవొద్దు. లేచినోడు రేపంత నిలబడే ఉంటడు." పిల్లలు బాసింపట్టు వేసుకుని, మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ముసలవ్వ మాట ఏడో తరగతి పిల్లకు చెప్పేశాను. మోకు నా చేతికి తీసుకున్నాను. తడిక వెనక నుంచి ఏమీ కనపడదు. ముందు మోకు, దాని మీద పదో తరగతి పిల్లల చేతులు, పైన ఆకుల మధ్య గిలక, అంతే. ఆ నాటకం రాసిన నాకు అందులో కనపడింది ఒక బావి గిలక మాత్రమే. లెక్కల సారు "ఒకటి" అన్నాడు. లాగాం. బరువు నేల వదిలిన సంగతి అరచేతులకు తెలిసింది. రెండు, మూడు. బయట చప్పుడు లేదు. నాలుగు, అయిదు. అంతమంది పిల్లలు ఉన్నచోట అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. పది అయ్యాక కూడా లెక్కల సారు ఆపలేదు. నా వైపు చూడకుండా పదకొండు, పన్నెండు అంటూ పోయాడు. ఏడో తరగతి పిల్ల గొంతు ఖణీమని వినపడింది. "ఎవరి బిడ్డో గాని, మన కోసమే పుట్టింది!" అప్పుడు మొదలైన చప్పట్లు పిల్లను కిందికి దింపాక కూడా ఆగలేదు.

ఆ చప్పట్లలో నాకు వినపడలేదు గానీ, ఇరవై దాకా లెక్కపెట్టాడని తర్వాత పిల్లలు చెప్పారు. ఒప్పుకోమంటే ఇప్పటికీ ఒప్పుకోడు.

అందరూ పిల్ల చుట్టూ మూగారు. నేను తడిక వెనకే కూలబడి చేతులు ఊదుకుంటున్నాను. పొద్దుండగానే ఇల్లు చేరాలనుకున్నాడేమో, పిల్ల తండ్రి పక్క నుంచి వచ్చాడు. తువ్వాల తల మీద లేదు, చేతిలో నలిగిపోయి ఉంది. నన్ను చూసి ఆగాడు.

"అవ్వా, నువ్విక్కడున్నవా. టీచరమ్మ యాడుంది?"

లెక్కల సారు నోరు తెరవబోయాడు. కళ్ళతోనే వద్దన్నాను.

"ఏదో పని మీద పోయింది" అన్నాను.

ఆయన ఏదో వాళ్ళ భాషలో తనలో తాను అనుకున్నాడు. తర్వాత నా పక్కన గొంతుకూర్చుని, రహస్యం లాగా మెల్లగా చెప్పాడు. "గంత మీదికి పోయింది అవ్వా, అది భయపడలే. కిందున్న నేనే భయపడ్డ. టీచరమ్మకు చెప్పు. తునికాకు తెంపే దినాల్ల ఇంటికి పంపమను, మల్ల నేనే తోలుకొచ్చి దింపుత. పది అయిందాక బంద్ చెయ్య."

"చెప్త" అన్నాను.

లేచి నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ నా దగ్గరకు వచ్చాడు.

"ఇంకొకటి కూడ చెప్పు. నేను చెప్పిన్నని అనకు, బాధపడ్తదేమో. వచ్చే ఏడు ఆట ఆడితె నడుమ రావొద్దని చెప్పు."

"చెప్తలే కొడకా" అన్నాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.